మూడో రౌండ్‌లో చేతులు దిగిపోయే బాక్సర్: ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని అమ్మాయికి 20 ఏళ్లు. ఊరు ఉత్తర తెలంగాణలో. 54 కిలోల విభాగంలో ఆడుతుంది, రాష్ట్రస్థాయి పతకాలున్నాయి. హైదరాబాద్‌లోని మా క్రీడావైద్య విభాగానికి వచ్చేసరికే ఆమె ఫైల్లో రెండు అభిప్రాయాలు చేరాయి. ఒకటి ఉబ్బసమని. రెండోది గుండె గోడ మందంగా ఉందని, ఆట మానుకోవడం మంచిదని. వెంట వచ్చిన కోచ్ ఈ రెండింటినీ నమ్మలేదు. ఆయన దృష్టిలో జబ్బేమీ లేదు, స్టామినా లేదంతే. అందుకని పొద్దుటి పరుగును పది కిలోమీటర్లకు పెంచారు. పెంచాక ఆట ఇంకా పడిపోయింది.

ఆమె, తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యపరమైన అంకెల్ని మార్చలేదు. ఫైలు చూసి తండ్రి మొట్టమొదట అడిగిన మాట ఆట గురించి కాదు. "గుండె అనే మాట కాగితం మీద రాయకుండా ఉండలేరా డాక్టర్ గారూ, పెళ్లి కావలసిన పిల్ల" అన్నారు. ఒక్క ఈసీజీ ముద్రణ ఒక ఇంట్లో ఎంత కలకలం రేపుతుందో క్రీడాకారుల ఈసీజీలు చదివేవారు గుర్తుంచుకోవాలి.

ఆమె చెప్పిన లక్షణాలు

మొదటి రౌండ్ బాగానే గడుస్తుంది. రెండో రౌండ్ చివరికి గొంతు బిగుసుకున్నట్టుంటుంది. మూడో రౌండ్ మొదలైన నిమిషానికి చేతులు గడ్డం దగ్గర నిలవవు, కిందికి జారిపోతాయి. దెబ్బ వస్తున్నట్టు కనిపిస్తూనే ఉంటుంది, కాళ్లు మాత్రం కదలవు. గంట మోగాక కాసేపు మాట రాదు, పొడి దగ్గు వస్తుంది. ఒక పోటీలో బౌట్ ముగిశాక రిఫరీ పక్కన నిలబడి ఫలితం వింటూండగా కళ్లు బైర్లు కమ్మి తాడు పట్టుకుంది.

ఆ చివరి సంఘటన దగ్గర ఆగి గుచ్చిగుచ్చి అడిగాను. ఆటగాడికి స్పృహ తప్పింది ఆడుతుండగానా, ఆగిన తర్వాతా అన్నది చాలా పెద్ద తేడా. ఆడుతుండగా పడిపోతే, వేరే కారణం రుజువయ్యేదాకా అది గుండె సమస్యేనని భావించాలి. ఆగిన తర్వాత నిలబడి ఉండగా కళ్లు తిరిగితే చాలాసార్లు అసలు సంగతి కాళ్లలో ఉంటుంది. అప్పటిదాకా పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తూ ఉంటాయి. అవి ఆగగానే రక్తం కింద నిలిచిపోతుంది, మెదడుకు చేరేది తగ్గుతుంది. ఈమెకు జరిగింది రెండో రకం. ఆడుతుండగా ఎన్నడూ తూలలేదు, గుండె లయ తప్పినట్టు అనిపించలేదు. కుటుంబంలో చిన్న వయసులో నిద్రలో పోయినవారు, ఈత వచ్చి కూడా నీళ్లలో మునిగినవారు, కారణం తెలియని ప్రమాదంలో పోయినవారు ఉన్నారా అని విడివిడిగా అడిగాం. ఎవరూ లేరు. 'మీ ఇంట్లో గుండె జబ్బులున్నాయా' అని ఒక్క ముక్కలో అడిగితే ఇవేవీ బయటికి రావు.

కోచ్ అడిగిన ప్రశ్న

"పది కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తే పిల్లకు తొమ్మిది నిమిషాల ఆటకు ఊపిరి చాలకపోవడమేమిటి సార్?" అన్నారాయన. మంచి ప్రశ్న. దీనికి జవాబు దొరికితే కేసు సగం విడిపోయినట్టే.

ఎలీట్ (పెద్దల స్థాయి) బాక్సింగ్‌లో మూడు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. మహిళలకు 2017కు ముందు రెండేసి నిమిషాల రౌండ్లు నాలుగుండేవి. మొత్తం ఆటలో పెరిగింది ఒక్క నిమిషమే. కానీ ఒక్కో రౌండ్ ఒకటిన్నర రెట్లయింది, విరామాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. శరీరం లెక్క చూసేది మొత్తం నిమిషాలను కాదు, ఈ విరామాలనే. ఎందుకంటే గుద్దుకు అప్పటికప్పుడు ఆక్సిజన్ అక్కర్లేదు. కండరంలో నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ దానికి చాలు. కానీ ఆ నిల్వ కొన్ని సెకన్లలో అయిపోతుంది. మళ్లీ నింపాలంటే ఆక్సిజన్ కావాలి. సగం నిండడానికే సుమారు అర నిమిషం పడుతుంది. అంటే పేలుడు లాంటి ఈ ఆటకు అయ్యే శక్తిలో అధిక భాగం చివరికి ఊపిరితిత్తులు, గుండె తెచ్చిపెట్టిందే. కుదురుగా పరిగెత్తేటప్పుడు ఇంత అప్పు చేసి ఇంత త్వరగా తీర్చే అవసరం రాదు.

పైగా చేతులు. ఒకే మోతాదు ఆక్సిజన్ వాడినా కాళ్లతో చేసే పని కన్నా చేతులతో చేసే పనికి నాడి, రక్తపోటు ఎక్కువ పెరుగుతాయి. గడ్డం దగ్గర ఎత్తిపట్టిన పిడికిళ్లు, బిగించిన భుజాలు రౌండ్ పొడవునా సడలవు. మొదటి రౌండ్ ముగిసేసరికే నాడి గరిష్ఠంలో 90 శాతం దాటడం మామూలే. కుస్తీలో పరిస్థితి ఇంకా వేరు. మూడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో అర నిమిషమే. పట్టు బిగించి ఊపిరి ఆపినప్పుడు రక్తపోటు అమాంతం లేస్తుంది. బరువులు తోస్తూ ఊపిరి బిగబట్టిన వ్యాయామకారుల ధమనిలోనే గొట్టం ఉంచి కొలిచిన 1985 నాటి ప్రయోగంలో ఒకరికి పై అంకె 480 దాటింది, కింది అంకె 350 దాటింది. క్షణకాలమే అనుకోండి. జూడో నాలుగు నిమిషాలు, తైక్వాండో రెండేసి నిమిషాల మూడు రౌండ్లు. వీటిలో గుండె మీద పడే భారం ఒక ఆటకూ మరో ఆటకూ మారుతుంది. 'కంబాట్ స్పోర్ట్స్' అని అన్నింటినీ ఒకే గాటన కట్టి ఒకే కసరత్తు ఇవ్వడం నాకు నచ్చదు.

గుండె

పరీక్షలో విశ్రాంతి నాడి నిమిషానికి 50, రక్తపోటు 104/66, ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. గుండె మీద స్టెతస్కోపు పెడితే సన్నని గుసగుస లాంటి శబ్దం వినిపించింది. గొంతుక్కూర్చోమని, ఒక్కసారిగా లేవమని చెప్పి మళ్లీ విన్నాను. లేచాక తగ్గింది. గుండె కండరం అసహజంగా మందమై దారి ఇరుకైతే లేచాక ఆ శబ్దం పెరగాలి. ఖర్చు లేని ఈ పరీక్షను రద్దీ ఓపీల్లో చేయడం తగ్గిపోయింది.

ఈసీజీ మీద యంత్రం ముద్రించిన వాక్యం 'ఎడమ జఠరిక మందం', అంటే గుండె ఎడమ కింది గది గోడ మందంగా ఉందని. ఆ యంత్రం చూసేది గీతల ఎత్తును మాత్రమే. బక్కపలచని, సాధన చేసిన యువతి ఛాతీ మీద గీతలు ఎత్తుగానే వస్తాయి. క్రీడాకారుల ఈసీజీ చదవడానికి 2017లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, ఇంకే తేడా లేకుండా గీతల ఎత్తు ఒక్కటే ఉంటే అది మామూలే. నాడి నెమ్మదించడం, గుండెలో విద్యుత్తును మోసే కుడి కట్టలో కొద్దిపాటి ఆలస్యం కూడా అంతే. మనం వెతకాల్సింది గుండె పక్క భాగాన్ని చూపే లీడ్లలో (ఈసీజీ వరసల్లో) తిరగబడిన టీ తరంగాల కోసం, లోతైన క్యూ తరంగాల కోసం. అవి ఆమెకు లేవు.

ఎకో (గుండె అల్ట్రాసౌండ్) మళ్లీ చేయించాం. గోడ మందం 10 మిల్లీమీటర్లు, గది వ్యాసం 51, కొట్టుకునే సామర్థ్యం 62 శాతం, సడలింపు చక్కగా ఉంది. మొదటి రిపోర్టులో 11 అని ఉంది. అది నిజమే అయినా భయపడాల్సిన అంకె కాదు. ఇటలీలో 600 మంది మేటి క్రీడాకారిణుల గుండెలను కొలిచి 1996లో ప్రచురించిన పరిశీలనలో గోడ మందం 6 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉంది. ఇక్కడ తేల్చేది గోడ ఒక్కటే కాదు, గది కూడా. సాధనతో పెరిగిన గుండెలో గోడతో పాటు గది కూడా విశాలమవుతుంది, సడలింపు బాగుంటుంది. జబ్బుతో మందమైన గుండెలో గది చిన్నదవుతుంది, సడలింపు మొండికేస్తుంది. స్వీడన్‌లో మంచు మీద జారే పోటీదారుల ఛాతీని వేళ్లతో తట్టి, వారి గుండె పెద్దదైందని 1899లోనే ఒక వైద్యుడు రాశాడు. నూటపాతికేళ్లు గడిచాక కూడా పెద్ద గుండె కనిపిస్తే ఆట మానమనడం మన అలవాటుగానే ఉంది.

తండ్రి ఇంకో సందేహం అడిగారు: ఛాతీ మీద గుద్దు పడితే గుండె ఆగుతుందా? ఆగవచ్చు, చాలా అరుదుగా. గుండె మళ్లీ సిద్ధమవుతున్న ఒక అతి చిన్న క్షణంలో, సెకనును వంద భాగాలు చేస్తే వాటిలో ఒకటి నుంచి మూడు భాగాల వ్యవధిలో, సరిగ్గా గుండె మీదే దెబ్బ తగలాలి. అలా జరిగిన సంఘటనల్లో ఎక్కువ భాగం గట్టి బంతులు తగిలినవే. దానికి ముందుజాగ్రత్త పరీక్ష ఏదీ లేదు. రింగు పక్కన షాక్ ఇచ్చే ఏఈడీ పరికరం, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉండాలి. గుండె ఆగాక ఒక్కో నిమిషం ఆలస్యానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. పతకాలకు, శాలువాలకు అయ్యే ఖర్చులో ఆ పరికరానికి చోటు దొరకకపోవడం నాకు మింగుడుపడని సంగతి.

ఊపిరితిత్తులు

ఉబ్బసం అన్న అనుమానానికి ఆధారం దగ్గు, ఆయాసం మాత్రమే. ఊపిరి పరీక్ష ఎవరూ చేయలేదు. పీల్చే మందు పంపు (ఇన్‌హేలర్) మాత్రం రాసిచ్చారు. వాడినా తేడా లేదని ఆమే చెప్పింది.

మొదటి సెకనులో బయటికి ఊదిన గాలి 2.9 లీటర్లు, మొత్తం ఊదినది 3.4 లీటర్లు. బాగుంది. అయితే విశ్రాంతిగా ఉన్నప్పుడు చేసే ఈ పరీక్ష బాగున్నంత మాత్రాన వ్యాయామంతో వచ్చే శ్వాసనాళాల బిగుతు లేదని చెప్పలేం. నాడి గరిష్ఠంలో 85 శాతం పైన ఉండేలా ఆరు నిమిషాలకు తగ్గకుండా పరిగెత్తించి, ఆగాక 3, 5, 10, 15 నిమిషాలకు మళ్లీ ఊదించాం. 10 శాతం లేదా అంతకు మించి పడిపోతే బిగుతు ఉన్నట్టు. ఆమెకు 5 శాతమే పడింది. లోపలికి పీల్చేటప్పుడు స్వరపేటిక దగ్గర వచ్చే ఈల శబ్దం కూడా లేదు. యువ క్రీడాకారిణుల్లో దాన్ని ఉబ్బసమనుకుని ఏళ్లకేళ్లు మందులు వాడించిన సందర్భాలుంటాయి కాబట్టి ప్రత్యేకంగా గమనించాం. గొంతు బిగుసుకున్నట్టు ఉండటానికి, బౌట్ తర్వాతి దగ్గుకు ఎండిపోయిన గొంతుతో నోటి ద్వారా నిమిషానికి ఎనభై లీటర్ల పైగా గాలి పీల్చడం చాలు.

పంపు మాన్పించాం. ఇక్కడ మందుల విషయం ఒకటి చెప్పాలి. ఇలాంటి పంపుల్లో ఉండే సాల్బుటమాల్‌ను పీల్చడానికి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' పెట్టిన పరిమితి 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, అందులోనూ ఏ ఎనిమిది గంటల్లోనైనా 600 దాటకూడదు. అదే మందు మాత్రగానో సిరప్‌గానో వేసుకుంటే నిషేధం. మన మందుల దుకాణాల్లో చీటీ లేకుండానే ఇచ్చే దగ్గు సిరప్‌లలో చాలావాటిలో టెర్బుటలిన్ ఉంటుంది, అదీ నిషిద్ధమే. ఆమె సంచిలో అలాంటి సీసా ఒకటి దొరికింది. మన దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే 'నాడా' వాళ్లు ఆ వారం నమూనా తీసుకుని ఉంటే, లేని ఉబ్బసానికి వాడిన మందు ఆమె ఆటను ముగించి ఉండేది.

రక్తం

కింది రెప్ప లాగి చూసినప్పుడే అనుమానం వచ్చింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 10.6, ఎర్రకణాల సగటు పరిమాణం 74, ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ 7. ఇనుము నిల్వలు అడుగంటాయి. చిన్న కణాలున్నాయి కాబట్టి థలసీమియా లక్షణం ఉందేమోనని ఆ పరీక్ష కూడా చేయించాం, లేదు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు, ఆయాసంతో వచ్చిన క్రీడాకారిణికి మొదట రాయాల్సిన పరీక్ష ఇదే. ఆమె ఫైల్లో రెండు ఎకోలు, ఒక ఛాతీ ఎక్స్‌రే ఉన్నాయి. హిమోగ్లోబిన్ లేదు.

దీని ప్రభావం ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. హిమోగ్లోబిన్ 13 ఉంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 17.4 మిల్లీలీటర్లు, 10.6 ఉంటే 14.2. తీవ్ర శ్రమలో ఇలాంటి అమ్మాయి గుండె నిమిషానికి 18 లీటర్ల వరకు రక్తాన్ని తోస్తుందనుకుంటే, నిమిషానికి అర లీటరుకు పైగా ఆక్సిజన్ బండెక్కనే లేదు. ట్రెడ్‌మిల్ మీద కొలిచిన గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం కిలోకు నిమిషానికి 36 మిల్లీలీటర్లే వచ్చింది, అప్పుడు నాడి 191. ఊపిరితిత్తుల సామర్థ్యంలో నాలుగో వంతు ఇంకా మిగిలే ఉంది, వేలి దగ్గర ఆక్సిజన్ 97 శాతం. అంటే గాలి అందుతోంది. మోసే వాహనమే తక్కువ.

కారణాలు వెతికితే చాలానే ఉన్నాయి. నెలసరి ఎక్కువ, ఎవరితోనూ చెప్పలేదు. అన్నం తిన్న వెంటనే టీ. బరువు భయంతో రాత్రి భోజనం మానేయడం. దానికి తోడు కఠిన సాధన తర్వాత కొన్ని గంటలపాటు హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి పేగు ఇనుమును తీసుకోనివ్వదు. పెంచిన పరుగు ఆమెకు చేసిన మేలు ఇది!

నీరు

బరువు ఎలా తగ్గిస్తావని అడిగాను. ఆమె కోచ్ వైపు చూసింది, కోచ్ కిటికీ వైపు చూశారు. ఆయన్ను బయట కూర్చోమన్నాక చెప్పింది. మామూలు బరువు 58. పోటీ ఆరు రోజులుందనగా అన్నం, ఉప్పు బంద్. చివరి రెండు రోజులు నీళ్లు గుటకల్లోకి దిగుతాయి. ఆఖరి రాత్రి ప్లాస్టిక్ జాకెట్ మీద స్వెట్టర్ వేసుకుని స్కిప్పింగ్, తర్వాత బకెట్‌లో ఉమ్మి ఊస్తూ కూర్చోవడం. పొద్దున తూకంలో 53.9. ఒకసారి సీనియర్ ఎవరో ఇచ్చిన 'నీటి మాత్ర' కూడా వేసుకుంది. మూత్రం ఎక్కువ పోయించే ఆ మాత్రలు పోటీ ఉన్నా లేకున్నా ఎల్లవేళలా నిషిద్ధమని ఆమెకు తెలియదు. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం సంగతి అసలే తెలియదు.

చెమటగా పోయే నీటిలో ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) వాటా చిన్నది కాదు. ప్లాస్మా తగ్గితే గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. వచ్చింది తక్కువైతే ఒక్కో స్పందనకు తోసేది కూడా తక్కువే. దాన్ని పూడ్చడానికి నాడి పరిగెత్తాలి. మోటారు మంచిదే, బోరులో నీళ్లు లేవు. ఆమె తండ్రికి ఇలాగే చెప్పాను. అంతవరకు గుండె అంటే బెదిరిపోయిన ఆయన అప్పుడు మొదటిసారి తలూపారు.

ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూకం. తర్వాత కొన్ని గంటలకే రింగు. తాగిన నీరు ఆ గంటల్లో కొంతవరకు సర్దుకుంటుంది, ఖాళీ అయిన కండరాల గ్లైకోజన్ (నిల్వ చక్కెర) మాత్రం నిండదు. ప్రొఫెషనల్ పోటీల్లో ముందు రోజే తూకం కాబట్టి కోలుకునే సమయం ఎక్కువ. అదే ఆశతో అక్కడ ఇంకా ఎక్కువ దించుతారు. అమెరికాలో 1997 చివర్లో కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు కళాశాల కుస్తీ ఆటగాళ్లు బరువు దించుకుంటూనే చనిపోయారు. అప్పుడుగానీ అక్కడ రబ్బరు సూట్లను, ఆవిరి గదులను నిషేధించి, ఒక్కొక్కరికీ కనీస బరువు నిర్ణయించే నియమం రాలేదు. పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్‌ను ఆపిన 100 గ్రాముల గురించి దేశమంతా మాట్లాడింది. జిల్లా పోటీల్లో పదిహేనేళ్ల పిల్లలు నాలుగు కిలోలు దించడం గురించి ఎవరూ మాట్లాడరు.

మాటలతో కోచ్ కదలలేదు. అందుకే ఒక పరీక్ష పెట్టాం. ఒక రోజు బాగా నీళ్లు తాగించి, ఇంకో రోజు మా పర్యవేక్షణలో కిలో నాలుగు వందల గ్రాములు మాత్రమే తగ్గించి, ఛాతీకి నాడి పట్టీ కట్టి ప్యాడ్‌ల మీద మూడు రౌండ్లు కొట్టించాం. ప్యాడ్‌లు పట్టింది ఆ కోచే. నీళ్లు తాగిన రోజు మొదటి రౌండ్ చివర నాడి 176, విరామ నిమిషం తర్వాత 138. ఆరిన రోజు 186, విరామం తర్వాత 161. కూర్చుంటే 38 దిగాల్సింది 25 దిగింది. రెండో విరామానికి 19 దాటలేదు. మూడో రౌండ్‌లో గరిష్ఠ నాడి రెండు రోజులూ 190 దగ్గరే. పైకి చూస్తే ఒకే శ్రమ. కానీ ఆరిన రోజు మూడో రౌండ్‌లో ఎడమ చేయి ప్యాడ్ దాకా రాలేదు. కోచ్ ప్యాడ్ ముందుకు జరిపి దెబ్బ అందుకున్నారు, అలా జరపడం ఆయనకే వీడియోలో కనిపించింది. పోటీ రోజు ఆమె తగ్గేది దీనికి మూడు రెట్లు.

ఊపిరి

అదే వీడియోలో ఇంకొకటి దొరికింది. వరస గుద్దులు కొట్టేటప్పుడు, క్లించ్‌లో, అంటే ప్రత్యర్థితో పెనవేసుకుపోయి, చిక్కినప్పుడు ఆమె ఊపిరి పూర్తిగా బిగబడుతోంది. క్లించ్‌లో ఒక్కోసారి ఏడెనిమిది సెకన్లు. అలా బిగించినప్పుడు ఛాతీ లోపలి ఒత్తిడి పెరిగి సిరల్లోంచి గుండెకు వచ్చే రక్తం ఆగుతుంది. నీరు తగ్గి అసలే కొద్దిగా వస్తున్న రక్తానికి ఇది ఇంకో అడ్డుకట్ట. తర్వాత ఎగశ్వాస మొదలవుతుంది. తీవ్ర శ్రమలో ఊపిరి కండరాలే గుండె తోసిన రక్తంలో 15 శాతం వరకు లాక్కుంటాయి. అవి అలసిపోతే శరీరం కాళ్లకు వెళ్లే రక్తనాళాలను బిగించి వాటికి మళ్లిస్తుంది. దెబ్బ కనిపిస్తున్నా కాళ్లు కదలకపోవడం వెనుక ఇది కూడా ఉండి ఉంటుంది.

సగం కారణం ఆమె మౌత్‌గార్డు. వేడినీళ్లలో వేసి కొరికి తయారు చేసుకునే రకం, సరిగ్గా అతకలేదు. జారకుండా పళ్లు బిగించి పట్టుకోవాల్సి వస్తోంది. పళ్లు బిగిస్తే నోటితో ఊపిరి ఎలా? దంతవైద్యుడి దగ్గర కొలత తీయించి కొత్తది చేయించాం. గుద్దుకో 'ష్' అంటూ గాలి వదలడం కోచ్ ఎప్పుడో నేర్పారట, ఒత్తిడిలో మరిచిపోతోంది. బడిలో చెడుగుడు ఆడిందని తెలిసి, క్లించ్ సాధనలో అదే కూత మెల్లగా పెట్టమన్నాం. కూత పెడుతున్నంతసేపూ గాలి బయటికి పోతూనే ఉండాలి, బిగబట్టడం కుదరదు. తోటివాళ్లు నవ్వారు. ఊపిరి మాత్రం కదిలింది. ఊపిరి కండరాలకు కసరత్తునిచ్చే పరికరాలు మార్కెట్లో ఉన్నాయి. ఇనుము, నీరు సరిచేయకుండా వాటి మీద డబ్బు పెట్టించడం నాకు ఇష్టం లేక రాయలేదు.

చికిత్స, మూడు నెలలు

ఇనుము మాత్ర రోజు విడిచి రోజు, పొద్దున్నే సాధనకు ముందు, నిమ్మరసంతో. రోజూ వేస్తే హెప్సిడిన్ పెరిగి తర్వాతి మాత్రను అడ్డుకుంటుంది. రోజు విడిచి వేస్తే ఒంటబట్టేది ఎక్కువ, కడుపులో బాధ తక్కువ. త్వరగా కావాలని సెలైన్‌లో ఎక్కించమని కోచ్ అడిగారు. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి సిరలోకి ఎక్కించడం, ఆసుపత్రి చికిత్స లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, డోపింగ్ నియమాల కింద నిషిద్ధం. మాత్రలతో అయ్యే పనికి ఆ తలనొప్పి ఎందుకు? నులిపురుగుల మందు ఒక మోతాదు ఇచ్చాం. నెలసరి సమస్యకు స్త్రీవైద్యురాలి దగ్గరికి పంపాం. టీ భోజనానికి గంటన్నర దూరం జరిగింది. పది కిలోమీటర్ల పరుగు పోయి, వారంలో రెండు రోజులు మూడు నిమిషాల శ్రమ, ఒక నిమిషం విరామంతో కసరత్తులు వచ్చాయి.

అసలు వాదన విభాగం మీద జరిగింది. 57కు మారమన్నాను. "అక్కడ అందరూ ఈమె కన్నా పొడుగు సార్, చేయి అందదు. నిఖత్ దిగలేదా?" అన్నారు కోచ్. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ విజేత. పారిస్ ఒలింపిక్స్ విభాగాల్లో 52 లేదు, అందుకే 50కి దిగి 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. ఉత్తర తెలంగాణలో ప్రతి బాక్సింగ్ కోచ్‌కూ ఈ ఉదాహరణ నోటి చివరే ఉంటుంది. ఒకరి ఒంటికి కుదిరిన విభాగం ఇంకొకరికి కుదరాలని లేదని, ఈమె లెక్కలు మన ఎదుటే ఉన్నాయని చెప్పాను. ఆయన వాదనలో నిజం లేకపోలేదు. చేయి పొడవు బాక్సింగ్‌లో చిన్న విషయం కాదు. చివరికి తేల్చింది ఆమే. "54లో మూడో రౌండ్ నాకు ఉండదు సార్, 57లో మూడు రౌండ్లూ ఉంటాయి కదా" అంది.

మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 12.8, ఫెర్రిటిన్ 34. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 36 నుంచి 43కు చేరింది. గరిష్ఠ నాడి అదే, ఊదే గాలి అదే. గుండె, ఊపిరితిత్తులు మారలేదు, వాటి గుండా సాగే రక్తం మారింది. విరామ నిమిషంలో నాడి 40 వరకు దిగుతోంది. దగ్గు పోయింది. 57లో ఆడిన మొదటి పోటీలో రెండో బౌట్‌లోనే ఓడింది, పొడుగు ప్రత్యర్థి చేతిలో. తొలి రెండు రౌండ్లు పోయాయి, మూడోది న్యాయనిర్ణేతలు ఆమెకే ఇచ్చారు.

ఫెర్రిటిన్ 34 అంటే అంచు మీద ఉన్నట్టే. మాత్రలు ఇంకో మూడు నెలలు కొనసాగించాలి, ఆ తర్వాత ఏటా రెండుసార్లు చూడాలి. రాబోయే ఎంపిక పోటీల్లో 54లో బలమైన పోటీ లేదని కోచ్ ఈమధ్య మళ్లీ ఫోను చేశారు. శరీరంలో కొవ్వు కొలిచి, బాగా నీళ్లు తాగి ఉన్న స్థితిలో ఆమెకు కనీస బరువు 56 అని ఫైల్లో రాసి, దాని కింద ఆమె, తండ్రి, కోచ్ సంతకాలు ముందే తీసుకున్నాను. ఆ పేజీ ఫొటో తీసి ఆయనకు పంపాను. జవాబు ఇంకా రాలేదు.